చోద్యమా, దర్శనమా?: యాత్రికుని చూపులో నైతిక బాధ్యత – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

2019 అక్టోబరు 25న ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారిలో, ఉలూరు అనే ఎర్రని మహాశిల పాదం దగ్గర, వందలాది పర్యాటకులు బారులు తీరి నిలుచున్నారు. ఆ శిలను ఎక్కడానికి అదే చివరి రోజు. మరునాటి నుంచి ఆరోహణ శాశ్వతంగా నిషిద్ధం. ఆ శిలను పవిత్రంగా భావించే ఆనంగు ప్రజలు దానిని ఎక్కవద్దని దశాబ్దాలుగా కోరుతూ వచ్చారు. ఆ కోరిక రాసిన పలక దారి మొదట్లోనే ఉండేది. ఏళ్ల తరబడి ఆ పలకను చదివి వెనుదిరిగినవారూ ఉన్నారు, చదివి పైకి సాగినవారూ ఉన్నారు. నిషేధం రాబోతున్నదని తెలిసిన తరువాత, ఆ వార్త కారణంగానే వచ్చినవారి సంఖ్య పెరిగింది.

ఆ వరుసలో నిలుచున్నవారిని దుర్మార్గులని అనడానికి వీలులేదు. చాలామంది ఎంతో దూరం నుంచి, కూడబెట్టుకున్న సొమ్ము ఖర్చుపెట్టుకొని వచ్చినవారు. లోకంలోని వింతలను కళ్లారా చూడాలనే కోరిక మనిషికి సహజం. ఆ కోరిక లేకపోతే భూగోళ శాస్త్రం లేదు, యాత్రాసాహిత్యం లేదు, పరదేశపు మనిషిపై గౌరవమూ లేదు. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. చూడటానికి వెళ్లినవాడు చూడబడేదానికి ఏమైనా ఋణపడతాడా? చూచే హక్కు ఎక్కడ ఆగుతుంది? ఆగమని చెప్పే అధికారం ఎవరిది?

ఈ వ్యాసం ఆ ప్రశ్నను మూడు సందర్భాల ఆధారంగా పరిశీలిస్తుంది. అవి ఫ్రాన్సులోని లాస్కో గుహ, ఆస్ట్రేలియాలోని ఉలూరు శిల, అండమాన్ దీవులలోని జరావాల అడవి. మొదటిది నోరులేని దృశ్యం. రెండవదాని తరఫున మాట్లాడేవారు ఉన్నారు. మూడవచోట దృశ్యంగా మారినవారు మనుషులే. ఈ చర్చకు కావలసిన పరిభాషను తెలుగు నుడికారం నుంచే గ్రహించవచ్చు. చూపులోని మంచిచెడ్డలను గురించి తెలుగు భాష చాలాకాలం క్రితమే సూక్ష్మమైన భేదాలు చేసి ఉంచింది.

చూపును గురించిన మూడు మాటలు

మొదటి మాట 'చోద్యం'. నిఘంటువుల ప్రకారం చోద్యమంటే ఆశ్చర్యం, వింత. కానీ వాడుకలో 'చోద్యం చూడటం' అనే జాతీయానికి నిందార్థం ఏర్పడింది. వీధిలో ఒకడు పడిపోతే చేయి అందించకుండా చుట్టూ మూగినవారిని ఉద్దేశించి "చోద్యం చూస్తున్నారా?" అని అడుగుతారు. 'తమాషా చూడటం' అనే పలుకుబడి కూడా ఇటువంటిదే. ఈ మాటలు చూపును తప్పుపట్టవు. చూచేవాడు తన్ను తాను ఆ సంఘటనకు బయటివాడుగా, ఏ బాధ్యతా లేనివాడుగా ఊహించుకోవడాన్ని తప్పుపడతాయి.

రెండవ మాట 'దిష్టి'. సంస్కృతంలోని 'దృష్టి'కి వికృతి అయిన ఈ మాట చూపు వల్ల చూడబడినదానికి కీడు కలుగుతుందనే జానపద విశ్వాసాన్ని తెలుపుతుంది. నరదృష్టికి నల్లరాయి అయినా పగులుతుందని సామెత. కొత్త ఇంటికి గుమ్మడికాయ కట్టడం, పసిపిల్లల బుగ్గపై చుక్క పెట్టడం ఈ విశ్వాసం నుంచి పుట్టిన ఆచారాలే. విశ్వాసంగా దీనిని అంగీకరించనవసరం లేదు. అయితే దీని అడుగున ఉన్న భావన గమనార్హం: చూడటం తటస్థమైన పని కాదు, అతిగా చూడటం చూడబడినదాన్ని క్షీణింపజేస్తుంది.

మూడవ మాట 'దర్శనం'. దీని వ్యాకరణం మిగిలిన రెండింటికంటె భిన్నమైనది. 'చూచు' క్రియకు కర్త చూచేవాడు. దర్శనం విషయంలో ఇచ్చేవారు వేరు, పుచ్చుకొనేవారు వేరు. దేవుడు 'దర్శనమిస్తాడు', భక్తుడు 'దర్శనం చేసుకుంటాడు'. తలుపులు మూసిన వేళ వెళ్లినవాడు 'దర్శనం కాలేదు' అంటాడు. ఆ మాటలో నిరాశ ఉంటుంది గాని, తనకు రావలసిన సొత్తును ఎవరో ఎగవేశారన్న ఫిర్యాదు ఉండదు. నివేదన సమయంలో గర్భగుడికి తెర వేస్తారు. తిరుమలలో రాత్రి ఏకాంతసేవ తరువాత తలుపులు మూస్తారు. వందల మైళ్లు నడిచి వచ్చినవారు కూడా తెర తొలగేదాకా నిలబడతారు. ఎంతసేపు చూడాలో చూచేవాడు నిర్ణయించడు. తత్త్వశాస్త్ర శాఖలను షడ్దర్శనాలు అనడంలో మరొక సూచన ఉంది. కన్ను చేసిన పనిని బుద్ధి పూర్తిచేసినప్పుడే అది దర్శనమవుతుంది.

ఈ మూడు మాటల మధ్య యాత్రికుని నైతికత మొత్తం ఇమిడి ఉంది. తన చూపు చోద్యంగా మిగులుతుందా, దిష్టిగా తగులుతుందా, దర్శనంగా పరిణమిస్తుందా అన్నదే అతడు ఎదుర్కొనే ప్రశ్న.

యాత్ర నుంచి పర్యటనకు

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ సమానమే అన్న లోకోక్తి పుట్టిన కాలంలో యాత్ర అంటే ప్రాణాన్ని పణంగా పెట్టడం. తెలుగు యాత్రాసాహిత్యానికి ఆదిగ్రంథాలలో ఒకటైన 'కాశీయాత్ర చరిత్ర' ఆ కాలపు రచనే. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరుకున్నాడు. ఆయన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె ఆ దినచర్యను 1838లో ప్రచురించాడు. దిగవల్లి వేంకటశివరావు 1941లో దానిని మళ్లీ పరిష్కరించి లోకానికి అందించాడు.

ఆ గ్రంథంలో క్షేత్రాల వర్ణన ఎంత ఉందో మజిలీల వివరం అంత ఉంది. ఎక్కడ నీళ్లు దొరుకుతాయి, ఎక్కడ సామగ్రి దొరకదు, దారి ఎటువంటిది, ఊళ్లో ఎవరున్నారు అన్న సంగతులను వీరాస్వామయ్య ఓపికగా నమోదుచేశాడు. తన వెనుక వచ్చే యాత్రికుని అవసరం ఆయన మనస్సులో ఉంది. పదిహేను నెలలకు పైగా సాగిన ఆ ప్రయాణంలో చూచేవాడు చూడబడేవారి మీద ఆధారపడి బతకవలసి వచ్చింది. గ్రామస్థుడు దారి చెప్పకపోతే అతడు ముందుకు సాగలేడు. ఆ ఆధారపడటమే చూపుకు సహజమైన అదుపుగా పనిచేసింది.

ఆధునిక పర్యటన ఆ అదుపును తొలగించింది. రుసుము చెల్లించినవాడు దృశ్యానికి అప్పటికప్పుడు హక్కుదారు అవుతాడు. అతడు తినే తిండి, పడుకొనే మంచం ముందే నిర్ణయమై ఉంటాయి. స్థానికుని దయతో అతనికి పని లేదు. ప్రయాణం సులభం కావడం కోరదగిన మార్పే. ధనికులకూ అధికారులకూ మాత్రమే అందిన దేశాటనం సామాన్యులకు అందింది. కానీ పూర్వం కష్టం చేసిన పనిని, అంటే చూపును వినయంగా ఉంచే పనిని, ఇప్పుడు యాత్రికుని వివేకమే చేయవలసి ఉంది.

'వింత' అనే మాట మోసే బరువు

అసాధారణ దృశ్యాన్ని చూపి సొమ్ము చేసుకోవడం కొత్త సంగతి కాదు. దాని చరిత్రలో మరువరాని పేరు సారా బార్ట్‌మన్. దక్షిణాఫ్రికాకు చెందిన ఈ ఖోయిఖోయి స్త్రీని 1810లో లండన్‌కు తీసుకువచ్చి, ఆమె శరీరాకృతిని వింతగా ప్రదర్శించారు. తరువాత పారిస్‌లోనూ ప్రదర్శన సాగింది. 1815లో ఆమె అక్కడే మరణించింది. మరణంతోనైనా చూపుల నుంచి ఆమెకు విడుదల దొరకలేదు. ఆమె అస్థిపంజరమూ, దేహానికి పోతపోసిన ప్రతిమా పారిస్ ప్రదర్శనశాలలో 1970ల దాకా ప్రజల ముందు ఉన్నాయి. దక్షిణాఫ్రికా కోరిక మేరకు 2002లో ఆమె అవశేషాలను స్వదేశానికి తరలించి ఖననం చేశారు.

ఆ ప్రదర్శనకు టికెట్టు కొన్నవారిలో శాస్త్రజ్ఞులు ఉన్నారు, కుటుంబాలతో వచ్చిన గృహస్థులు ఉన్నారు. వారిలో చాలామంది ఆమెను కొట్టలేదు, దోచుకోలేదు. చూశారు, అంతే. ఆ 'అంతే'లోనే నేరం ఉంది. వింత అన్న మాట ఒక వస్తువులోని గుణాన్ని చెబుతున్నట్లు కనిపిస్తుంది. నిజానికి అది చూచేవాడి అలవాటుకూ చూడబడినదానికీ మధ్య ఉన్న దూరాన్ని చెబుతుంది. తన ఊళ్లో సారా వింత కాదు. లండన్ ఆమెను వింతను చేసింది. కనుక దేనినైనా వింత అని పిలిచేటప్పుడు యాత్రికుడు తన అలవాటునే కొలబద్దగా వాడుతున్నాడన్న ఎరుక అతనికి ఉండాలి.

నోరులేని దృశ్యం: లాస్కో

ఫ్రాన్సులోని మోంతిన్యాక్ గ్రామం దగ్గర 1940 సెప్టెంబరులో నలుగురు కుర్రవాళ్లు లాస్కో గుహను కనుగొన్నారు. దాని గోడలపై ఎద్దులు, గుర్రాలు, దుప్పులు సుమారు 17,000 ఏళ్ల నాటి రంగులతో నిలిచి ఉన్నాయి. ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత 1948లో గుహను ప్రజలకు తెరిచారు. 1955 నాటికి రోజుకు సుమారు 1,200 మంది చూడసాగారు. వారిలో ఎవరూ బొమ్మలను తాకలేదనుకున్నా ముప్పు తప్పలేదు. ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు, దేహాల వేడి, చెమట తేమ, దీపాల వెలుతురు గుహ సమతుల్యాన్ని చెడగొట్టాయి. గోడలపై పచ్చని నాచు పెరిగింది. సున్నపు స్ఫటికాల తెల్లని పొర కమ్మనారంభించింది. 1963లో నాటి సాంస్కృతిక మంత్రి ఆంద్రే మల్రో గుహను మూయించాడు. ఆ తరువాత కూడా గుహ పూర్తిగా కోలుకోలేదు. 2001లో తెల్లని బూజు వ్యాపించి సంరక్షకులను కలవరపెట్టింది.

నల్లరాయి అయినా పగులుతుందన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజమైంది. ఏ దుష్టబుద్ధీ లేని, భక్తితో కూడిన చూపు సైతం హాని చేయగలదని లాస్కో నిరూపించింది. హాని చేసినవాడు ఒక్కడు కాడు. ఏ ఒక్కరి ఊపిరీ బొమ్మను చెరపలేదు, అందరి ఊపిరీ కలిసి చెరిపింది. ఇటువంటి సందర్భంలో "నా ఒక్కడివల్ల ఏమవుతుంది?" అన్న వాదం నైతికంగా నిలవదు. అదే వాదాన్ని మిగిలిన వారందరూ సమానమైన న్యాయంతో చేయగలరు కాబట్టి అది తన్ను తానే ఖండించుకుంటుంది.

మూసివేతతో లాస్కో కథ ముగియలేదు. అసలు గుహకు సుమారు 200 మీటర్ల దూరంలో 1983లో దాని ప్రతికృతిని నిర్మించి సందర్శకులకు తెరిచారు. 2016లో మరింత సమగ్రమైన ప్రతికృతి సిద్ధమైంది. 1994లో బయటపడిన షోవే గుహ విషయంలో ఫ్రాన్సు ఈ పాఠాన్ని మొదటి నుంచే పాటించింది. ఆ గుహను ప్రజలకు ఎన్నడూ తెరవలేదు. 2015లో దాని ప్రతికృతిని మాత్రం తెరిచారు. అసలును చూడలేకపోయినంత మాత్రాన ఆ చిత్రాలపై లోకానికి గౌరవం తగ్గలేదు. చూడకుండానే ఒకదాన్ని ప్రేమించి కాపాడటం సాధ్యమని ఈ రెండు గుహలు చెబుతున్నాయి. పాఠకుని దృష్టితో ఆలోచిస్తే ఇది అపరిచితమైన అనుభవం కాదు. వీరాస్వామయ్య గ్రంథం చదివినవాడికి 1830 నాటి కాశీ అటువంటి ప్రతికృతి రూపంలోనే అందుతుంది.

మాట్లాడే దృశ్యం: ఉలూరు

లాస్కోలో హాని కంటికి కనిపిస్తుంది, కొలతకు అందుతుంది. ఉలూరు విషయం అంత తేలిక కాదు. 348 మీటర్ల ఎత్తున్న ఆ ఇసుకరాతి శిల మనుషుల నడకకు కూలిపోదు. వ్యర్థాలూ రాపిడీ ఉన్నా, ప్రధానమైన అభ్యంతరం భౌతికమైనది కాదు. ఆనంగు ప్రజల సంప్రదాయంలో ఆ ఆరోహణ మార్గం పూర్వీకుల పవిత్ర గాథతో ముడిపడినది. పైగా తమ నేలపైకి వచ్చినవారి క్షేమం తమ బాధ్యతగా వారు భావిస్తారు. ఆ శిలపై ముప్పైమందికి పైగా సందర్శకులు మరణించారు. ప్రతి మరణమూ వారికి సొంత దుఃఖమైంది.

1985 అక్టోబరు 26న ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆ నేలపై యాజమాన్య హక్కును ఆనంగులకు తిరిగి అప్పగించింది. వారు దానిని 99 ఏళ్లకు జాతీయోద్యానంగా ప్రభుత్వానికే కౌలుకు ఇచ్చారు. యజమానులైన తరువాత కూడా వారు వెంటనే దారి మూయలేదు. "ఎక్కవద్దు" అని ఆజ్ఞాపించకుండా, ఎక్కవద్దని అడిగారు. ఎక్కేవారి సంఖ్య సందర్శకులలో 20 శాతంకంటె తక్కువకు పడిపోవడం మూసివేతకు అనుకూలమైన పరిస్థితులలో ఒకటిగా ఉద్యాన ప్రణాళికలో చేరింది. 2017లో, ఆనంగు ప్రతినిధులే అధికసంఖ్యలో ఉన్న పాలకమండలి మూసివేతను ఏకగ్రీవంగా నిర్ణయించింది. నేల తిరిగి దక్కిన నాటికి సరిగ్గా 34 ఏళ్లకు, 2019 అక్టోబరు 26న, నిషేధం అమలులోకి వచ్చింది.

నైతిక దృష్టితో చూస్తే 2019 తరువాతి కాలంకంటె అంతకు ముందరి మూడు దశాబ్దాలే విలువైన అధ్యయన విషయం. నిషేధం ఉన్నచోట ధర్మపరీక్ష లేదు, చట్టానికి లోబడటమే ఉంది. అడిగి ఊరుకున్నచోట యాత్రికుడు స్వేచ్ఛగా నిర్ణయించుకోవాలి. ఆతిథ్య ధర్మంలో ఇంటివాడి కర్తవ్యాన్ని గురించి భారతీయ సంప్రదాయం ఎంతో చెప్పింది. అతిథికీ ఒక కర్తవ్యం ఉంది. ఇంటివారు పూజగది గడప దాటవద్దని మృదువుగా చెబితే, గదికి తాళం లేదు గదా అని లోపలికి వెళ్లినవాడు అతిథి అనిపించుకోడు. తాళం లేకపోవడం ఇంటివారు అతనిపై ఉంచిన నమ్మకానికి గుర్తు.

ఈ నమ్మకం కొందరిలో ఆలస్యంగానైనా పనిచేసింది. ఉలూరు నుంచి జ్ఞాపికగా రాతిముక్కలనూ గుప్పెడు ఎర్రమట్టినీ తీసుకుపోయిన సందర్శకులు, కొన్నిసార్లు ఎన్నో ఏళ్ల తరువాత, వాటిని క్షమాపణ లేఖలతో టపాలో తిరిగి పంపుతున్నారు. ఉద్యాన కార్యాలయంలో వాటికి 'క్షమాపణ రాళ్లు' అన్న పేరే స్థిరపడింది. రాయి తిరిగి పంపవచ్చు. వద్దన్న మాటను తోసిపుచ్చి చూసిన చూపును తిరిగి పంపడానికి ఏ టపా లేదు. యాత్రికుడు ముందే ఆలోచించవలసిన అవసరం అందువల్లనే ఏర్పడుతుంది.

దృశ్యంగా మారిన మనిషి: జరావాలు

గుహకు బాధ తెలియదు. శిల తరఫున మనుషులు మాట్లాడారు. అండమాన్‌లో చూడబడినవారు మనుషులే, అయినా వారి మాట చూచేవారికి చేరలేదు. కొన్ని వందల సంఖ్యలో మాత్రమే ఉన్న జరావాలు వేట, సేకరణలతో జీవించే ఆదివాసులు. 1997 దాకా వారు చాలావరకు బయటివారిని దగ్గరకు రానివ్వలేదు. ఆ తరువాత అడవి విడిచి బయటకు రావడం మొదలుపెట్టారు. పరిచయం వెంట వ్యాధీ వచ్చింది. 1999లో వారిలో తట్టు వ్యాపించింది. వారి రక్షణకు 1956 నాటి ఆదివాసీ పరిరక్షణ నిబంధన ఉంది. అయితే వారి అడవిని చీలుస్తూ అండమాన్ ట్రంక్ రోడ్డు కూడా ఉంది. అభయారణ్యం వెంబడి ఉన్న భాగాలను మూయాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించినా ఆ దారిపై రాకపోకలు ఆగలేదు.

బారాటాంగ్ దీవిలోని సున్నపురాతి గుహలనూ బురద అగ్నిపర్వతాలనూ చూడటానికి పర్యాటకులు ఆ దారిన వెళతారు. పోలీసు రక్షణతో వాహనాలు నిర్ణీత వేళల్లో బారులుగా సాగుతాయి. ఆపరాదు, ఛాయాచిత్రాలు తీయరాదు, ఆహారం ఇవ్వరాదు అన్నవి నియమాలు. కానీ చాలామందికి గుహలు నెపం మాత్రమే అయ్యాయి. కిటికీ అవతల కనబడబోయే మనిషే అసలు ఆకర్షణ అయ్యాడు. తిండి ఆశచూపి జరావా స్త్రీలచేత నాట్యం చేయించిన దృశ్యాలు 2012 జనవరిలో బయటపడినప్పుడు దేశం నివ్వెరపోయింది. నిజానికి అవి సారా బార్ట్‌మన్ ప్రదర్శనకు రెండు శతాబ్దాల తరువాతి కొనసాగింపు. ప్రదర్శనశాల స్థానంలో రహదారి వచ్చింది, టికెట్టు స్థానంలో బిస్కెట్టు వచ్చింది.

అండమాన్‌లో తెలుగువారు గణనీయమైన సంఖ్యలో స్థిరపడ్డారు. విశాఖపట్నం నుంచి నౌకలు అక్కడికి వెళతాయి. తెలుగు పర్యాటకులకు ఆ దీవులు దగ్గరి గమ్యమే కాబట్టి ఈ ప్రశ్న తెలుగు పాఠకునికి పరాయిది కాదు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. అరకు లోయలో ఆదివాసులు పర్యాటకుల ఎదుట ధింసా నృత్యం చేస్తారు. అదీ తప్పేనా? రెండింటికీ ఉన్న భేదం సూక్ష్మమైనా స్పష్టమైనది. ధింసా పండుగలలో, పెళ్లిళ్లలో ఆ సమాజం తన కోసం తాను ఆడుకొనే నృత్యం. దానిని బయటివారికి చూపాలా, ఎంత చూపాలా, ఎంత ప్రతిఫలం అడగాలా అని ఆ కళాకారులు నిర్ణయించుకోగలిగినంత వరకు అది వారు ఇచ్చే దర్శనం. చూడటానికి వచ్చినవారి భాష వారికి తెలుసు, కాదనే వీలు ఉంది. ఆ వీలు పేదరికం వల్లనో, మధ్యవర్తుల ఒత్తిడి వల్లనో హరించుకుపోతే అరకు కూడా అండమాన్ అవుతుంది. జరావాలకు తాము దేనికి సమ్మతిస్తున్నారో, తమ చిత్రం ఎక్కడెక్కడ తిరుగుతుందో తెలిసే అవకాశమే లేదు. కాదనగలిగినవాడు అవునన్నప్పుడే ఆ సమ్మతికి విలువ.

ఒక బలమైన ఆక్షేపణ

ఇంతవరకు సాగిన వాదానికి గట్టి ఆక్షేపణ భారతీయ సమాజ చరిత్ర నుంచే వస్తుంది. 'చూడరాదు' అన్న మాటను ఈ దేశంలో అణచివేతకు సాధనంగా వాడారు. శతాబ్దాల పాటు దళితులను గుడి గడప దాటనివ్వలేదు. దర్శనం ఇచ్చేవాడు దేవుడే అయినా, తలుపు దగ్గర నిలిచినవాడు మనిషి. 1936లో తిరువాన్కూరు ఆలయ ప్రవేశ ప్రకటన, 1947లో కోస్తా, రాయలసీమలు భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రపు ఆలయ ప్రవేశ చట్టం, ఆ తరువాత అస్పృశ్యతను రద్దుచేసిన రాజ్యాంగపు 17వ అధికరణం పోరాటాల ఫలితంగా వచ్చాయి. ఆ పోరాటాలు కోరినది చూచే హక్కునే. పవిత్రత పేరిట తలుపు మూయడాన్ని ఉలూరులో సమర్థించి, ఇక్కడ ఖండించడం ఎట్లా పొసగుతుంది?

ఈ ఆక్షేపణను తేలికగా తీసివేయరాదు. దీనికి సమాధానం తలుపు మూయడంలో లేదు. మూస్తున్నది ఎవరు, ఎవరిపై అన్న దానిలో ఉంది. ఆలయ బహిష్కరణలో బలవంతుడు బలహీనునిపై తలుపు మూశాడు. మూయడానికి ఆధారం పుట్టుక. లోపలికి పోయేవారు పోతూనే ఉన్నారు. ఆ నిషేధం ఏ దేవునీ ఏ కట్టడాన్నీ రక్షించలేదు, ఒక వర్గపు ఆధిక్యాన్ని రక్షించింది. ఉలూరులో, నేలనూ మాటనూ కోల్పోయినవారు వాటిని తిరిగి పొంది, తమకంటె బలవంతులైన వారిని ఆగమన్నారు. ఆరోహణను అందరికీ సమానంగా మూశారు. శిల చుట్టూ నడవడానికీ దగ్గరనుంచి చూడటానికీ అందరికీ దారి ఉంచారు. కనుక మొదటిదానిలో నిషేధం అధికారానికి కవచం, రెండవదానిలో అధికారానికి హద్దు.

ఈ భేదం ప్రతిచోటా ఇంత స్పష్టంగా ఉండదు. పరిరక్షణ పేరిట స్థానికులను వెళ్లగొట్టి సంపన్నులకు మాత్రమే విడుదులు కట్టే ప్రాంతాలలో, మూసివేత మళ్లీ పాత అన్యాయానికే కొత్త రూపం అవుతుంది. రుసుము పెంచి రద్దీ తగ్గించడం కూడా ఈ అనుమానానికి అతీతం కాదు. ధరతో మూసిన తలుపు పేదవాడికే మూసుకుంటుంది. అందువల్ల 'చూడవద్దు' అన్న ప్రతి మాటనూ శిరసావహించడం ధర్మం కాదు, ప్రతి మాటనూ ధిక్కరించడమూ ధర్మం కాదు. విచారించడం ధర్మం.

విచారణకు మూడు ప్రశ్నలు

పై పరిశీలన నుంచి యాత్రికుడు తన్ను తాను అడుగవలసిన మూడు ప్రశ్నలు తేలుతాయి. మొదటిది దిష్టికి సంబంధించినది: ఈ చూపు, ఇటువంటి వేల చూపులతో కలిసినప్పుడు, చూడబడినదాన్ని క్షీణింపజేస్తుందా? రెండవది దర్శనానికి సంబంధించినది: ఇక్కడ ఇచ్చేవారు ఉన్నారా, ఇవ్వబోమని చెప్పగల స్థితిలో ఉన్నారా? మూడవది తలుపుకు సంబంధించినది: మూసివేత బలహీనుని ఆత్మరక్షణా, బలవంతుని గుత్తాధిపత్యమా? మొదటి రెండు ప్రశ్నలు యాత్రికుని నిగ్రహాన్ని కోరతాయి. మూడవది అవసరమైనచోట అతని ప్రతిఘటనను కోరుతుంది.

యాత్రారచయితకు ఈ ప్రశ్నలు రెండింతలుగా వర్తిస్తాయి. అతని చూపు అతనితో ఆగదు. రాసిన ప్రతి పుట వెనుక పాఠకులు, పాఠకుల వెనుక వాహనాలు కదులుతాయి. మజిలీలో నీళ్లు ఎక్కడున్నాయో రాసిన వీరాస్వామయ్య వెనుక వచ్చేవారికి మేలు చేశాడు. నేటి రచయిత దానితోపాటు ముందునుంచీ అక్కడే ఉన్నవారికి ఏమవుతుందో ఆలోచించాలి. ఏది రాయాలో తెలిసినంతగా ఏది రాయకూడదో తెలియడం ఈ ప్రక్రియకు నేడు అవసరమైన శిల్పం. ఛాయాచిత్రం తీసేవారికీ ఇదే సూత్రం. ఉలూరు చుట్టూ కొన్ని తావులలో చిత్రాలు తీయవద్దని పలకలు కోరుతాయి. అక్కడ కన్ను చూసినదాన్ని కన్నే దాచుకోవాలి.

ముగింపు

దూరపు కొండలు నునుపు అన్న సామెతను సాధారణంగా భ్రమకు హెచ్చరికగా వాడతారు. యాత్రికుని విషయంలో దానికి మరొక అర్థం చెప్పుకోవచ్చు. కొన్ని కొండలు దూరంగా ఉండటంలోనే వాటి క్షేమం ఉంది, వాటిని దూరం నుంచి చూడటంలోనే చూచేవాడి మర్యాద ఉంది.

తెలుగునాట కాశీకి వెళ్లినవారు తమకు ఇష్టమైన ఒక పండునో కూరగాయనో అక్కడ వదిలి రావడం ఆచారం. ఇంటికి చేరిన తరువాత జీవితాంతం దానిని ముట్టరు. ఎంతో దూరం పోయి, ఎంతో చూసి వచ్చినవాడు ఒకదాన్ని వదులుకోవాలన్న ఆలోచన ఆ ఆచారంలో ఉంది. చూసినదానికి వెల సొమ్ముతో తీరదని, కొంత త్యాగంతోనే తీరుతుందని ఆ ఆచారాన్ని ఏర్పరచినవారు గ్రహించారు. ఉలూరు పాదం దగ్గర పలక చదివి వెనుదిరిగినవారు, అసలు గుహను కోరకుండా ప్రతికృతితో తృప్తిపడినవారు, అండమాన్ దారిలో కిటికీవైపు నుంచి ముఖం తిప్పుకున్నవారు తెలియకుండానే ఆ ఆచారాన్ని పాటించారు. వారు వదులుకున్నది ఒక చూపు. ఆ విధంగా వదులుకోగలిగినవాడికే మిగిలిన చూపులు చోద్యం కాకుండా దర్శనంగా దక్కుతాయి.